మెర్క్యురీ వీ6 మోటారుకు సాలిడ్ మౌంట్ కిట్: కింద వేయండి, పైన వద్దు

ఇది మెర్క్యురీ 2.5 లీటర్ల వీ6 టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే) మోటార్లలో 150 నుంచి 200 హార్స్‌పవర్ దాకా ఉన్నవాటికి, మోటారును బ్రాకెట్టుకు పట్టి ఉంచే రబ్బరు మౌంట్ల బదులు వేసే అల్యూమినియం సాలిడ్ మౌంట్ కిట్ మీద రివ్యూ. అమెరికాలో పాత బాస్ బోట్లు (బాస్ చేపల వేటకు వాడేవి), తేలికపాటి స్పీడ్ బోట్లు నడిపేవాళ్ల కోసం చిన్న చిన్న మెషీన్ షాపులు వీటిని చేసి అమ్ముతుంటాయి. పెట్టె మీద పేరు ఎవరిదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. 6061-టీ6 అల్యూమినియం కడ్డీలోంచి లేత్ మీద కోసిన రెండు గుండ్రటి దిమ్మలు, మధ్యలో బోల్టుకు రంధ్రం, కొన్ని కిట్లలో వాషర్లు, కొత్త లాక్ నట్లు. అందుకే ఒక షాపు సరుకని కాకుండా ఈ రకం మొత్తాన్ని కలిపి చూస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. బోటు గంటకు 60 మైళ్లు దాటి పరిగెత్తేదైతే, స్టీరింగులో వదులు ఎక్కడా లేదని తేలితే, కింది రెండు మౌంట్లకు ఈ కిట్ డబ్బుకు తగిన సరుకే. పైన రెండింటికీ కూడా అల్యూమినియం కలిపి అమ్మే నాలుగు మౌంట్ల కిట్ మాత్రం రేసులో తప్ప ఎక్కడా వేయొద్దు. కారణాలు వివరంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఇక్కడ తప్పు ఎంపిక చేస్తే చెడేది మౌంటు కాదు, మోటారు బ్రాకెట్టూ, ట్రాన్సమూ (మోటారు తగిలించే బోటు వెనక గోడ).

రబ్బరు అక్కడ ఏం చేస్తోంది?

ఔట్‌బోర్డ్ మోటారు నేరుగా బోటుకు బిగించి ఉండదు. ట్రాన్సమ్‌కు బిగించేది క్లాంప్ బ్రాకెట్టు. దానిలో స్వివెల్ బ్రాకెట్టు, దానిలో తిరిగే పిన్ను. ఆ పిన్నుకు పైన స్టీరింగ్ ఆర్మ్, కింద యోక్. మోటారు లెగ్ (ఇంజన్ నుంచి ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే భాగం) ఈ రెండింటినీ నాలుగు చోట్ల పట్టుకుంటుంది, పైన ఎడమా కుడీ రెండు మౌంట్లు, కింద ఎడమా కుడీ రెండు. ప్రతి మౌంటూ మధ్యలో ఉక్కు గొట్టం, చుట్టూ రబ్బరు. పొడవాటి బోల్టు ఆ గొట్టంలోంచి వెళ్లి ఆర్మ్‌కో యోక్‌కో బిగుసుకుంటుంది. అంటే ఇంజన్ బరువు, ప్రొపెల్లర్ తోపు, స్టీరింగ్ లాగుడు, అన్నీ ఆ నాలుగు రబ్బరు ముద్దల గుండానే బోటుకు చేరాలి.

మోటారు బరువు మౌంట్ల వెనక ఉంటుంది కాబట్టి, బోటు ట్రైలర్ మీద ఊరికే ఉన్నప్పుడు కూడా పై మౌంట్లు వెనక్కి లాగబడుతుంటాయి, కింది మౌంట్లు ముందుకు నొక్కబడుతుంటాయి. నీళ్లలో గ్యాస్ (యాక్సిలరేటర్) ఇవ్వగానే అదే దిశలో ఇంకా ఎక్కువ బలం పడుతుంది. ప్రొపెల్లర్ కింది మౌంట్ల కన్నా చాలా కిందుంటుంది, అక్కడినుంచి బోటును ముందుకు తోస్తుంది. దాంతో లెగ్ అడుగు ట్రాన్సమ్ వైపు నెట్టుకుపోతుంది. పైనా కిందా మౌంట్ల మధ్య అర మీటరు దూరం ఉందనుకోండి. కింద రబ్బరు 5 మిల్లీమీటర్లు నలిగి, పైన 3 మిల్లీమీటర్లు సాగితే మొత్తం 8. అర మీటరు మీద 8 మిల్లీమీటర్లంటే దాదాపు ఒక డిగ్రీ. ప్రొపెల్లర్ ఇంకో 45 సెంటీమీటర్లు కింద ఉంటే, అక్కడ కదలిక 12 మిల్లీమీటర్లు అవుతుంది. ట్రిమ్ (మోటారు కోణం మార్చే) బటన్ ముట్టుకోకుండానే, గేజ్‌లో ముల్లు కదలకుండానే, ప్రొపెల్లర్ కోణం మారిపోయిందన్నమాట. గ్యాస్ వదలగానే రబ్బరు వెనక్కి తన్నుతుంది, కోణం మళ్లీ మారుతుంది.

పక్కలకు కదలిక ఇంకా ప్రమాదం. రబ్బరు మెత్తబడితే స్టీరింగ్ ఆర్మ్ కదలకుండా ఉన్నా లెగ్ మాత్రం కుడీ ఎడమలకు మెలి తిరగగలదు. వేగం పెరిగాక వి ఆకారపు బోటు అడుగున సన్నని ప్యాడ్ మీదే నిలబడి పోతుంటుంది. ఆ స్థితిలో ప్రొపెల్లర్ ఉండే గేర్‌కేస్ కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగినా బోటు ఒక పక్కకు ఒరుగుతుంది. డ్రైవరు తిప్పి సర్దేలోపు రెండో పక్కకు ఒరుగుతుంది. ఒరుగుడు ఒకదానికొకటి తోడై పెరుగుతూ పోతుంది. దీన్నే చైన్ వాక్ (chine, అంటే బోటు అడుగు అంచు) అంటారు. చాలా బాస్ బోట్లలో 60–65 మైళ్ల దగ్గర, అంటే గంటకు వంద కిలోమీటర్ల ప్రాంతంలో మొదలవుతుంది. గ్యాస్ వదిలేస్తే ఆగుతుంది. వదలకుండా పట్టుదలకు పోతే బోటు విసిరేస్తుంది.

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో జరిగిన ఎఫ్1 హెచ్2ఓ పవర్‌బోట్ రేసు పోటీ చూసినవాళ్లకు ఈ 2.5 లీటర్ల వీ6 టూ-స్ట్రోక్ కుటుంబం కొత్త కాదు. ఆ పడవల వెనక ఉన్నవి దీని రేసు రూపాలే. నీటిని అంచులతో మాత్రమే తాకుతూ పరిగెత్తే ఆ పడవలకు స్టీరింగ్ చక్రానికీ ప్రొపెల్లర్‌కూ మధ్య సాగే గుణం ఉన్నది ఏదీ పనికిరాదు. సాలిడ్ మౌంట్ల ఆలోచన పుట్టిందీ పెరిగిందీ అలాంటి రేసు పడవల మీదే. చేపలు పట్టుకునే బోటుకు అదంతా యథాతథంగా అక్కర్లేదు, అందులో సగం చాలు.

కొనేముందు చూడాల్సింది

కీలు వదులైన తలుపుకు గడియ మార్చినంత మాత్రాన లాభం లేనట్టే, స్టీరింగులో వదులుండగా మౌంట్లు మార్చి ప్రయోజనం లేదు. బోటు ట్రైలర్ మీద, మోటారు పూర్తిగా కిందికి, ఇంజన్ ఆపి. ఒకరు స్టీరింగ్ చక్రం కదలకుండా పట్టుకోవాలి. ఇంకొకరు స్కెగ్ (లెగ్ అడుగున ఉండే రెక్క) పట్టుకుని కుడీ ఎడమలకు గట్టిగా ఊపాలి. మూడో కన్ను ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఎక్కడ కదులుతోందో చూడటమే అసలు పని. చూడాల్సిన వరుస ఇది: ట్రాన్సమ్ బోల్టులు, జాక్ ప్లేట్ (మోటారు ఎత్తు మార్చే పలక) జారుడు ముక్కలు, టిల్ట్ ట్యూబ్ (మోటారు పైకి లేచే ఇరుసు గొట్టం), స్టీరింగ్ కేబుల్ చివరలు లేదా హైడ్రాలిక్ సిలిండర్ పిన్నులు, స్వివెల్ పిన్ను బుష్షులు. ఇవన్నీ గట్టిగా ఉండి, ఆర్మ్ నిలిచి ఉండగా లెగ్ మాత్రమే కదులుతుంటే, అప్పుడు నేరం మౌంట్లది. ఒంటి కేబుల్ స్టీరింగ్‌తో 65 మైళ్లు దాటే బోటైతే మౌంట్ల డబ్బు ముందు హైడ్రాలిక్ స్టీరింగ్ మీద పెట్టండి. తేడా దానితోనే ఎక్కువ కనిపిస్తుంది.

ముందుకూ వెనక్కూ పరీక్షకు స్కెగ్‌ను ట్రాన్సమ్ వైపు నెట్టి, లెగ్‌కూ యోక్‌కూ మధ్య ఖాళీ రెండు పక్కలా కొలవండి. ఖాళీలో పట్టే డ్రిల్ బిట్ సైజు చూసుకున్నా చాలు. కుడికీ ఎడమకీ ఖాళీ తేడాగా ఉంటే ఒక మౌంటు కుంగిపోయిందని అర్థం. రబ్బరు ఉక్కు గొట్టం నుంచి ఊడి సన్నని గీతలా విడిపోవడం, అందులోంచి తుప్పు నీరు కారిన మరక, రబ్బరు అంచు ఉబ్బి నూనె పట్టినట్టు మెత్తబడటం, ఇవి కంటికి కనిపించే గుర్తులు. పెట్రోలు, నూనె తగిలిన రబ్బరు ఉబ్బి బలం పోగొట్టుకుంటుంది.

ఇక్కడే ఒక నిజం చెప్పాలి. పాతికేళ్ల నాటి మోటారుకు చాలామంది సాలిడ్ కిట్ వేసి "బోటు మారిపోయింది" అంటారు. ఆ మార్పులో పెద్ద భాగం చచ్చిపోయిన రబ్బరు పోవడం వల్ల వచ్చింది. కొత్త ఒరిజినల్ రబ్బరు వేసినా అందులో చాలా వరకు దొరికేది. 60 మైళ్ల లోపే నడిపేవాళ్లకు మా సలహా కొత్త రబ్బరే.

అల్యూమినియమా, ప్లాస్టిక్కా?

సాలిడ్ అనే పేరుతో మార్కెట్లో మూడు రకాలు దొరుకుతాయి. పాలీయూరిథేన్ నిజానికి గట్టి రబ్బరు లాంటిదే. షోర్ ఎ కొలతలో 80 నుంచి 95 మధ్య ఉండేవి ఎక్కువ. కొంత కంపనం మింగుతుంది, కొంత కదులుతుంది. కొనేటప్పుడు పాలీఈథర్ రకమా, పాలీఎస్టర్ రకమా అని అడగండి. పాలీఎస్టర్ రకం తడిలో, వేడిలో కాలక్రమేణా పొడిపొడిగా విడిపోతుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనొద్దు.

డెల్రిన్ లాంటి గట్టి ప్లాస్టిక్ తుప్పు పట్టదు, నీళ్లు దాదాపు పీల్చదు, బోల్టును కొరకదు. ఉప్పునీటి బోటుకు ఇది మంచి ఎంపిక. కాకపోతే ఎడతెగని బిగింపు కింద మెల్లగా నలుగుతుంది, కాబట్టి బోల్టుల బిగింపు మధ్యమధ్య చూసుకుంటూ ఉండాలి. నైలాన్ మాత్రం వద్దు. నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కొలతలు మారిపోతాయి.

అల్యూమినియం నలగదు, కదలదు. మంచినీటి చెరువుల్లో తిరిగే బోటుకు ఇదే సరైనది. సముద్రం బోటుకైతే చిక్కుంది. స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం దిమ్మ, మధ్యలో ఉప్పునీరు కలిస్తే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి ఉబ్బి బోల్టును దిమ్మలో బిగించేస్తుంది, తర్వాత కోసి తీయాల్సిందే. ఆనోడైజ్ చేసిన దిమ్మ కొంత ఆపుతుంది గానీ, బిగించేటప్పుడు అంచుల దగ్గర ఆ పొర గీసుకుపోతుంది. టెఫ్-జెల్ లాంటి పేస్టు బోల్టు నడుము పొడవునా పూయడమే అసలు రక్షణ.

పెట్టె విప్పగానే

మోటారు సీరియల్ నంబరు చూసి ఆర్డర్ పెట్టండి. ఏడాది మోడల్ అంటూ ఆర్డర్ పెడితే తప్పు కిట్ రావడం మామూలే. 2.5 లీటర్ల మోటారు మిడ్‌సెక్షన్ వేరు, 3.0 లీటర్లది వేరు, మౌంట్లు ఒకదానివి ఇంకోదానికి పట్టవు. నంబరు ట్రాన్సమ్ బ్రాకెట్టు మీది స్టిక్కరులో ఉంటుంది, అది చెరిగిపోతే ఇంజన్ బ్లాకు మీది గుండ్రటి బిళ్ల మీద ఉంటుంది.

దిమ్మ రంధ్రంలోకి బోల్టు వేలి ఒత్తిడితో జారాలి, కానీ లోపల గలగల ఊగకూడదు. ఊగితే నీళ్ల మీద అది సుత్తి దెబ్బల్లా కొట్టుకుంటూ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారం చేసేస్తుంది. దిమ్మ రెండు ముఖాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా అని నాలుగు చోట్ల కాలిపర్‌తో కొలవండి. కోసిన అంచుల మీద పదునైన పొక్కులు ఉంటే ఎమరీ కాగితంతో రుద్దేయండి. రెండు దిమ్మల పొడవు ఒకటేనా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే లెగ్ వంకరగా కూర్చుంటుంది, బోటు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

బిగించే పద్ధతి

కింది మౌంట్లకు పవర్‌హెడ్ (పైనుండే ఇంజన్ భాగం) విప్పనక్కర్లేదు, బయటినుంచే అందుతాయి. ఈ కిట్‌లో మాకు నచ్చిన మొదటి సంగతి ఇదే. మంచినీటి మోటారైతే చేయి తిరిగిన మనిషికి సగం పూట పని. ఉప్పునీటిదైతే రోజంతా పెట్టుకోండి.

బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. మోటారును నిటారుగా దించి, ట్రైలర్ ముక్కు జాక్ తిప్పి స్కెగ్ కింద చెక్కదిమ్మ పట్టేంత ఎత్తు చేసుకోండి. చెక్కదిమ్మ, దాని కింద చిన్న జాక్. బరువంతా జాక్ మీదికి తేవొద్దు, ఆనించి ఉంచితే చాలు. ఇప్పుడు రాచెట్ పట్టీ ఒకటి లెగ్ చుట్టూ వేసి వెనక్కి లాగి ఏదైనా గట్టిదానికి కట్టండి. ముందు చెప్పినట్టు లెగ్ స్వభావం ట్రాన్సమ్ వైపు ఒరగడం. పట్టీ లేకుండా మౌంటు తీస్తే లెగ్ ముందుకు వాలి, కొత్త దిమ్మకు చోటు మూసుకుపోతుంది, వేళ్లు అక్కడ ఉంటే నలుగుతాయి.

ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. రెండూ ఒకేసారి విప్పితే లెగ్ దారి తప్పుతుంది, మళ్లీ రంధ్రాలు కలపడానికి నానా తంటాలు పడాలి.

ముందు రోజు రాత్రే నట్లకు చొచ్చుకుపోయే నూనె కొట్టి వదిలేయండి. మోటారును పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ఆ పక్క నట్టుకు పానా పట్టే చోటు దొరుకుతుంది. స్టెయిన్‌లెస్ నట్లను ఇంపాక్ట్ గన్‌తో విప్పొద్దు, వేడికి మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పొడవాటి బార్ వేసి చేత్తో నెమ్మదిగా, కాస్త విప్పి కాస్త బిగించి, మళ్లీ విప్పుతూ రావాలి. బోల్టు పాత ఉక్కు గొట్టంలో తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే హీట్ గన్ పెట్టండి, టార్చి మంట వద్దు. మంట తగిలితే లెగ్ పెయింటూ పోతుంది, రబ్బరు కాలి విషపు పొగ వస్తుంది. ఇత్తడి కడ్డీ పెట్టి కొడితే మరల చివర చెడకుండా బోల్టు బయటికొస్తుంది.

మౌంటును లెగ్‌లో పట్టి ఉంచే పక్క కవరు బోల్టులు విప్పి పాత మౌంటు తీశాక, లెగ్‌లో అది కూర్చున్న గుంట చూడండి. పాత రబ్బరు ముక్కలు, తెల్ల పొడి, పెయింటు పొరలు ఉంటాయి. స్కాచ్-బ్రైట్‌తో రుద్ది శుభ్రం చేయండి. ఆకురాయి పెట్టొద్దు. గుంట కొలత పెరిగితే దిమ్మ ఇక ఎప్పటికీ గట్టిగా కూర్చోదు.

దిమ్మను పొడిగా గుంటలో పెట్టి కవరు వేసి చేత్తో బిగించి చూడటం చాలా ముఖ్యం. కవరు దిమ్మను పట్టుకున్నాక, కవరుకూ లెగ్‌కూ మధ్య రెండు అంచులా సమానంగా సన్నని సందు మిగలాలి. సందు లేకుండా కవరు లెగ్‌కు ఆనుకుందంటే దిమ్మ చిన్నది, లోపల కొట్టుకుంటుంది. కిట్ వెనక్కి పంపేయండి, రేకు ముక్కలు పెట్టి సర్దొద్దు. సందు మరీ ఎక్కువుంటే దిమ్మ పెద్దది, బిగిస్తూ పోతే పోత అల్యూమినియం కవరు చెవి దగ్గర పగులుతుంది. కవర్లు పగలడం ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే నష్టం. కారణం ఒకటే, ఒక బోల్టును చివరిదాకా బిగించి ఆ తర్వాత రెండోదాని జోలికి వెళ్లడం.

సరిపోయిందనుకున్నాక పేస్టు పూయండి. బోల్టు నడుముకు, దిమ్మ బయటి ముఖానికి పూయాలి. మరలకు మాత్రం, మాన్యువల్ చెప్తే తప్ప, పూయొద్దు. మరలు జిడ్డయితే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. తర్వాత వరుస: కవరు బోల్టులు చేత్తో, యోక్ నట్టు చేత్తో, కవరు బోల్టులు మార్చిమార్చి మూడు విడతల్లో పూర్తి టార్క్‌కు, ఆఖరున యోక్ నట్టు పూర్తి టార్క్‌కు. టార్క్ అంకెలు మీ సీరియల్ నంబరుకు సరిపోయే సర్వీస్ మాన్యువల్‌లోవే వాడండి. లాక్ నట్లు ఒకసారి విప్పాక మళ్లీ వాడొద్దు, కొత్తవి వేయండి.

బోల్టు యోక్ రంధ్రంలోకి వేలి ఒత్తిడితో దూరాలి. దూరకపోతే జాక్, పట్టీ కాస్త సర్ది లెగ్‌ను జరపండి. నట్టు బలంతో లాగి కలిపితే బోల్టు వంగిన స్థితిలోనే ఉండిపోతుంది, కొన్నాళ్లకు మెడ దగ్గర తెగుతుంది. పైన రబ్బరు ఉంచమనడానికి ఇదొక కారణం. పైనా కిందా పోతల్లోని చిన్న చిన్న తేడాలను అదే సర్దుతుంది. నాలుగూ లోహమైతే ఆ తేడా అంతా బ్రాకెట్టు మీద నిలవ ఒత్తిడిగా పడి, పగులుకు దారి తీస్తుంది.

పూర్తయ్యాక నట్లన్నిటి మీదా పెయింట్ పెన్నుతో గీత గీయండి, నట్టు తిరిగితే గీత విరుగుతుంది. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, ట్రిమ్ కిందినుంచి పైదాకా లేపి, తీగలు, గొట్టాలు ఎక్కడా ఒరుసుకోవడం లేదని చూడండి. లెగ్‌నూ బ్రాకెట్టునూ కలిపే ఎర్త్ పట్టీ తప్పనిసరిగా తిరిగి వేయండి. ఆనోడ్లు (తుప్పును తమ మీదికి తీసుకునే లోహపు ముక్కలు) లెగ్ మొత్తాన్నీ కాపాడాలంటే అది ఉండాలి.

నీళ్ల మీద ఏం మారుతుంది

మొదటి తేడా ట్రిమ్‌లో. ఇంతకుముందు గేజ్ చూపించిన కోణంలోంచి రబ్బరు కొంత మింగేసేది. ఇప్పుడు కింద నలిగేది ఏదీ లేదు కాబట్టి, అదే గేజ్ అంకె దగ్గర ప్రొపెల్లర్ నిజంగా ఇంకా బయటికి ఉంటుంది. ముక్కు ఎక్కువ లేస్తుంది, పాత అలవాటుతో ట్రిమ్ చేస్తే బోటు గంతులేస్తుంది, ప్రొపెల్లర్ పట్టు ముందే వదులుతుంది. మొదటిసారి ట్రిమ్ తగ్గించి మొదలుపెట్టి, కొత్త గుర్తులు పెట్టుకోండి. జాక్ ప్లేట్ ఎత్తు అదే రోజు మార్చొద్దు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల అన్నది తెలీదు.

స్టీరింగ్ వెంటనే జవాబిస్తుంది. చక్రం మీద చిన్న కదలిక కూడా గేర్‌కేస్‌కు చేరుతుంది, అందువల్ల మొదట్లో ఎక్కువ తిప్పేస్తారు. చైన్ వాక్ పూర్తిగా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. మొదలయ్యే వేగం పెరుగుతుంది, సర్దడం తేలికవుతుంది. మిగతాది డ్రైవరు చేతి పనే. గరిష్ఠ వేగం పెరుగుతుందని చేసే ప్రచారం కూడా అంతే. మౌంటు హార్స్‌పవర్ ఇవ్వదు. ఇంతకుముందు భయంతో వాడని ట్రిమ్‌ను ఇప్పుడు ధైర్యంగా వాడగలగడం వల్ల వచ్చే మైళ్లే అవి.

నష్టం ఐడిల్‌లో. గేర్‌లో 650–700 ఆర్‌పీఎమ్ దగ్గర ఈ వీ6 సహజంగానే దడదడలాడుతుంది. కింద సాలిడ్, పైన మంచి రబ్బరు అయితే ఆ దడ సీటు కింద, కన్సోల్‌లో తెలుస్తుంది, 1,500 దాటాక సాధారణంగా సర్దుకుంటుంది. నాలుగూ సాలిడ్ అయితే గేజ్ స్క్రూలు ఊడతాయి, అద్దం రివెట్లు వదులవుతాయి, తీగలు ఒరుసుకుని పైపొర తెగుతుంది, నెమ్మదిగా తిరుగుతూ చేపలు వెతికేటప్పుడు సోనార్ తెర మీద చెత్త గీతలు వస్తాయి. పై మౌంట్లు పవర్‌హెడ్‌కు దగ్గరగా ఉంటాయి, దడ పుట్టే చోటు అదే. కింద బలం, పైన దడ. ఒక్కో చోటికి దానికి తగ్గ పదార్థం వేయాలన్నదే మా వాదన అంతా. పై రబ్బరు పాతదైతే దాన్ని మాత్రం కొత్త ఒరిజినల్‌తో మార్చండి. కింద సాలిడ్ వేసి పైన చచ్చిన రబ్బరు వదిలేస్తే కదలికంతా పైకి చేరి మిగిలిన రబ్బరును త్వరగా చీల్చేస్తుంది.

రబ్బరు దాచిపెట్టిన జబ్బులన్నీ ఇప్పుడు బయటపడతాయి. ప్రొపెల్లర్ ఆకు కొద్దిగా వంగి ఉన్నా, బ్యాలెన్స్ లేకపోయినా కాళ్లకు తెలుస్తుంది. కొత్త దడ 3,000 పైన కూడా వదలకపోతే మౌంట్లను తిట్టుకునే ముందు ఇంకో ప్రొపెల్లర్ వేసి చూడండి. మొద్దుకో రాయికో స్కెగ్ తగిలితే ఆ దెబ్బలో కొంత రబ్బరు మింగేది, ఇక మింగదు. నేరుగా లెగ్‌కు, స్వివెల్ బ్రాకెట్టుకు పోతుంది. మునిగిన చెట్ల మొద్దులతో నిండిన టెక్సస్ రిజర్వాయర్లలో తిరిగేవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి. పాత చెక్క ట్రాన్సమ్ మెత్తబడి ఉంటే ఈ కిట్ అసలు వద్దు.

ఫోర్-స్ట్రోక్ మోటార్లు ఉన్నవాళ్లు ఈ కిట్ల జోలికి రావొద్దు. ముఖ్యంగా నాలుగు సిలిండర్లు వరసగా ఉన్న 115 హార్స్‌పవర్ తరహా మోటార్లలో పిస్టన్లు ముందుకూ వెనక్కూ కదులుతాయి, క్రాంక్ ఒక చుట్టు తిరిగే లోపు రెండుసార్లు కుదుపు అదే దిశలో పడుతుంది. వాటి మౌంట్లు ఆ కుదుపు కోసమే లెక్కగట్టి చేసినవి. మెర్క్యురీ వారి వెరాడో మోటార్లది పూర్తిగా వేరే మౌంట్ల ఏర్పాటు.

కాకినాడ, ఉప్పాడ, మచిలీపట్నం వైపు ఫైబర్ పడవలకు వాడే 9.9 హార్స్‌పవర్ మోటార్లకు ఇలాంటివి లేత్ మీద చేయించుకోవచ్చా అనే వారికి జవాబు: వద్దు. అక్కడ వేగం సమస్య కాదు. టిల్లర్ పిడి గంటల తరబడి చేతిలో ఉంటుంది, దడంతా మణికట్టుకు చేరుతుంది. అలల్లో ఒడ్డుకు తెచ్చేటప్పుడు స్కెగ్ ఇసుకకు తగులుతూనే ఉంటుంది. ఆ మోటార్లకు కావాల్సింది సమయానికి కొత్త రబ్బరు, దాని మీద పెట్రోలూ కిరసనాయిలూ ఒలకకుండా చూసుకోవడం.

నీళ్ల మీద మొదటి గంట నడిపాక టార్క్ రెంచి వేసి కవరు బోల్టులు, యోక్ నట్లు మళ్లీ చూడండి. దిమ్మ గుంటలో సర్దుకుంటుంది కాబట్టి కొంచెం తిరగడం సహజం. రెండోసారి కూడా తిరిగిందంటే దిమ్మ కొలతలో తేడా ఉందని అర్థం, విప్పి చూడాల్సిందే. తీసిన పాత మౌంట్లు రబ్బరు బాగుంటే పారేయకండి. బోటు అమ్మేటప్పుడు కొనేవాళ్లలో సగం మంది రబ్బరే అడుగుతారు, ఈ వయసు మోటార్లకు కొన్ని ఒరిజినల్ భాగాలు దొరకడం కష్టమవుతోంది.